పసుపు తీగ చేసిన తప్పు

పిల్లలూ! ఒకనాడు మా పాఠశాలలో డిస్క్ ప్లేయర్ పెట్టి, పదవ తరగతి వారికి గుండె పనిచేసే తీరు చూపిస్తున్నాను. తెరమీద నీలిరంగు నేలపై ఎర్రటి అక్షరాలతో భాగాల పేర్లు వచ్చాయి. వెనుక బెంచీ నుండి ఒక అమ్మాయి లేచి, "సార్, గుండె కనబడుతున్నది గని పేర్లు కనబడుతలేవు" అన్నది. నిజమే! ఎర్ర అక్షరాలు తడి కాగితం మీద సిరాలాగా పక్కకు పాకిపోయాయి. టీవీ పాతబడింది, కొత్తది కొనాలన్నారు కొందరు. కాని తప్పు టీవీది కాదు, దాని వెనుక గుచ్చిన పసుపు తీగది. అదెలాగో చూద్దాం.

ఒకే సంచిలో కందులూ పెసలూ

టీవీ బొమ్మకు రెండు సమాచారాలు కావాలి. ఒకటి వెలుగు, అంటే ఏ చోట ఎంత కాంతి ఉండాలన్నది. రెండవది రంగు. రంగుల టీవీని రూపొందించిన ఇంజినీర్లు నలుపు-తెలుపు టీవీలలోనూ బొమ్మ రావాలనుకున్నారు. అందుకే వెలుగు సంకేతంలోనే రంగును ఇమిడ్చారు. 1982లో మన దేశంలో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు అనుసరించిన 'పాల్' పద్ధతి అలాంటిదే. అందులో వెలుగు సంకేతం సుమారు 5 మెగాహెర్ట్జుల వరకు వ్యాపిస్తుంది. రంగు అందులోనే 4.43 మెగాహెర్ట్జుల దగ్గర స్వారీ చేస్తుంది.

పసుపు తీగలో వచ్చేది ఈ కలగలుపు సంకేతమే. కందులూ పెసలూ ఒకే సంచిలో పోసి పంపితే, ఇంట్లో ఏరేటప్పుడు కొన్ని గింజలు అటువి ఇటు వస్తాయి గదా! టీవీలోనూ అంతే. సన్నని చారల చొక్కా మీద లేని రంగులు మెరుస్తాయి. రంగుల అంచుల వెంబడి చుక్కలు పాకుతాయి. రంగుకు ఇచ్చిన చోటు తక్కువ కాబట్టి ఎరుపు చెదిరిపోతుంది.

వేరు చేస్తే మేలు

పరిష్కారం తేలిక: కలపకుండా పంపడమే! 'ఎస్-వీడియో' కేబుల్‌లో వెలుగు, రంగు వేర్వేరు తీగలలో వస్తాయి. 'కాంపోనెంట్' కేబుల్‌కు ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడు కొసలుంటాయి. ఇందులో ఒక తమాషా ఉంది. ఆకుపచ్చ తీగలో వచ్చేది ఆకుపచ్చ రంగు కాదు, వెలుగు! నీలం, ఎరుపు కొసలు తీసి చూడండి. బొమ్మ నలుపు-తెలుపులో కనిపిస్తుంది. (తీగలు మార్చే ముందు స్విచ్చి ఆపడం మరువకండి. ధ్వని తీగలలోనూ ఒక ఎరుపు ఉంటుంది. రెంటినీ తారుమారు చేయకండి.) కొత్త ప్లేయర్లు, వీడియో ఆటల పెట్టెలలో ఉండే 'హెచ్‌డీఎంఐ' తీగలో బొమ్మ అంకెల రూపంలోనే వెళుతుంది. కనుక ఈ కలగలుపు బాధ ఉండదు.

ఐతే తీగ లేనిదాన్ని సృష్టించలేదు. వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలే, అంటే సుమారు లక్ష. డీవీడీలో 720, 576. అంటే నాలుగు లక్షలకు పైగా! టీవీలో 'షార్ప్‌నెస్' పెంచినా కొత్త వివరాలు రావు, అంచుల చుట్టూ తెల్లని గీతలే వస్తాయి. తగ్గించి చూడండి.

36,000 కిలోమీటర్ల దారి

సంకేతం వచ్చే దారి ఎంత ముఖ్యమో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు ఏనాడో చూశాయి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన 'సైట్' ప్రయోగంలో, ఏటీఎస్-6 ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుండి పల్లెలకు కార్యక్రమాలు పంపింది. అంత దూరం నుండి వచ్చే బలహీన సంకేతాన్ని, తీగ జాలీతో చేసిన మూడు మీటర్ల గిన్నె ఏంటెన్నా ఒడిసిపట్టేది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు పాఠాలు!

అంత దూరాన్ని జయించిన విజ్ఞానం మన గదిలో ఒక మీటరు తీగ దగ్గర ఓడిపోకూడదు గదా! మేము మూడు కొసల కేబుల్ తెచ్చి గుచ్చి, ప్లేయర్ మెనూలో 'కాంపోనెంట్' ఎంచుకున్నాం. ఆ అమ్మాయి తన వెనుక బెంచీ నుండే చదివింది: "ఎడమ జఠరిక!"

మీ ఇంట్లో టీవీ వెనుక ఏ తీగ ఉందో ఈ రోజే చూడండి.