పాలికల్లో మొలిచే పాఠం

మన పెళ్ళిళ్ళలో అందరి కళ్ళూ వధూవరుల మీదే ఉంటాయి. ఒక మూల అయిదు మట్టిపాత్రలు మాత్రం చడీచప్పుడు లేకుండా తమ పని తాము చేసుకుపోతుంటాయి. అవే పాలికలు. పుట్టమన్ను పోసి, నానిన నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు పాలు కలిపిన నీళ్ళు చిలకరిస్తారు. దీన్నే అంకురార్పణ అంటాం. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందునాడు జరిగేదీ ఇదే. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా చాలా తెలుగు ఇళ్ళు ఈ ఆచారాన్ని వదల్లేదు.

ఒకప్పటి అయిదు రోజుల పెళ్ళిలో తొలినాడు చల్లిన గింజ చివరిరోజుకు పచ్చగా తలెత్తేది. ఇప్పుడు ఉదయం తీసుకున్న మండపాన్ని రాత్రికి ఖాళీ చేయాలి. గింజ సరిగ్గా నీళ్ళు తాగకముందే పెళ్ళి అయిపోతోంది. ఆ మట్టిలో ఏం జరుగుతుందో చూసే అవకాశం మన పిల్లలకు లేకుండా పోతోంది.

నేను చదివింది కామర్స్, చేసేది బ్యాంకు ఉద్యోగం. వృక్షశాస్త్రంతో నాకేం పని అనుకోకండి. గింజ కథ అచ్చంగా జమాఖర్చుల కథే!

తల్లి వేసిన డిపాజిట్టు

రాత్రి నానబెట్టిన పెసరగింజను ఉదయాన్నే పొట్టుతీసి, రెండు బద్దలూ మెల్లగా విడదీసి చూడండి. ఒక కొసన వంకర తిరిగిన చిన్న తెల్లని మొన కనిపిస్తుంది. అదే కాబోయే మొక్క. ఆ రెండు బద్దలూ దాని ఆహారం. వాటినే బీజదళాలంటారు. వడ్లు, గోధుమల్లో ఈ ఆహారం పిండి రూపంలో విడిగా ఉంటుంది. పిల్లమొక్క ఒక మూల ఒదిగి ఉంటుంది. ఏ గింజలోనైనా ఇది తల్లిమొక్క బిడ్డ పేర వేసిపెట్టిన డిపాజిట్టే.

బాగా ఎండిన ధాన్యంలో తేమ నూటికి 12 వంతులకు మించదు. అలాగని గింజ చచ్చిపోలేదు, నిద్రపోతోంది. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే శాస్త్రవేత్త 1879లో 20 సీసాల్లో గింజలు నింపి పాతిపెట్టాడు. 2021లో తీసిన సీసాలోని కొన్ని గింజలు కూడా మొలిచాయి! చివరి సీసా తీయాల్సింది 2100లో. అయితే అలా మొలిచినవి మొండి కలుపుజాతులు. మన పప్పుధాన్యాలకు అంత గడువు లేదు. ఏడాదికేడాది వాటి మొలకశక్తి తగ్గిపోతుంది.

మూడు సంతకాలు

ఈ డిపాజిట్టు విడుదల కావాలంటే మూడు సంతకాలు పడాలి: నీరు, గాలి, వెచ్చదనం. నీళ్ళు పీల్చి గింజ ఉబ్బుతుంది. వడ్లు, గోధుమలు, రాగుల్లో పిల్లమొక్క ఒక రసాయన సందేశం పంపుతుంది. దాంతో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. కర్ణాటకలోని మనవాళ్ళకు మొలకెత్తిన రాగుల పిండితో కాచే జావ కొత్త కాదు. అది తియ్యగా ఉండడానికీ, పసిపిల్లలకు తేలిగ్గా అరగడానికీ కారణం ఈ మార్పే.

గాలి మాట మరిచిపోకూడదు. పాలికలో నీళ్ళు నిలిస్తే గింజ ఊపిరాడక కుళ్ళిపోతుంది. యానాం చుట్టుపక్కల గోదావరి రైతులను అడగండి, విత్తనపు వడ్లను 24 గంటలు నానబెట్టి, నీళ్ళు వార్చి, మరో 24 గంటలు మండె కడతామంటారు. గింజలు ఊపిరి తీసుకునే వేడికే మండె వెచ్చబడి మొలకలు వస్తాయి.

సాధారణంగా ముందు వచ్చేది వేరు. గింజ ఎటు తిరిగి పడినా వేరు కిందికే దిగుతుంది. వేరు కొసలోని కణాల్లో బరువైన పిండిరేణువులు అడుగుకు చేరి, కింద ఏ వైపో తెలియజేస్తాయి.

తలవంచుకుని పైకి

పెసలు, మినుములు, బొబ్బర్లు మట్టిలోంచి తలవంచుకుని వస్తాయి. కాడ కొక్కెంలా వంగి మట్టిని తోసుకుంటూ, బద్దలను వెంట లాక్కొస్తుంది. అందువల్ల లేత చిగురు ఒరుసుకుపోదు. శనగలు, కందులు మాత్రం బద్దలను మట్టిలోనే ఉంచి చిగురును పైకి పంపుతాయి. వడ్లు, గోధుమలు సూదిలాంటి తొడుగులో ఆకును దాచుకుని పైకొస్తాయి.

చీకట్లో మొలిచిన మొక్క పాలిపోయి, సన్నగా పొడుగ్గా సాగుతుంది. అది జబ్బు కాదు, ఉన్న సొమ్మంతా వెలుతురును అందుకోవడానికే ఖర్చు పెడుతోంది. వెలుతురు తగలగానే కొక్కెం విచ్చుకుంటుంది, ఆకు పచ్చబడుతుంది, స్వంత సంపాదన మొదలవుతుంది. తల్లి ఇచ్చిన సొమ్ము అయిపోయేలోగా ఇది జరగాలి. నువ్వుగింజకు ఉన్న పెట్టుబడి బహు స్వల్పం. లోతుగా పాతితే పైకి రాకుండానే దివాలా తీస్తుంది. అందుకే నువ్వులను పైపైన చల్లి పల్చగా మన్ను కప్పాలి.

మొలవని గింజలు

నగరాల్లో వడ్లు దొరక్క కొందరు నవధాన్యాల్లో బియ్యం కలిపేస్తుంటారు. అక్షతలకు బియ్యం సరే, అంకురానికి పనికిరావు. మరలో పాలిష్ పట్టినప్పుడు తవుడుతోపాటు పిల్లమొక్క కూడా పోతుంది. ఇక మిగిలేది పిండిమూట మాత్రమే. కందిపప్పూ అంతే, బద్దలు విడిపోయాక మొలిచే వీలుండదు. అందుకని పొట్టుతో ఉన్న నిండుగింజలనే, కొత్త పంటవే అడిగి తెచ్చుకోండి. అనుమానముంటే 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టి చూడండి. మన దేశంలో ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలని నిబంధన. కొన్ని గింజలు ఎంత నానినా రాళ్ళలా ఉంటాయి. నీళ్ళు చొరనివ్వని పొట్టు వాటిది. తొలివానకు మోసపోకుండా ప్రకృతి కట్టిన బీమా అనుకోవచ్చు.

ఇంటికి తెచ్చుకుందాం

పెళ్ళయ్యాక పాలికలను మండపంలో వదిలేయకండి. నీళ్ళలో కలపాల్సిన రోజేదో పురోహితుణ్ణి అడిగి, అందాకా ఇంట్లో వెలుతురు తగిలేచోట ఉంచండి. రోజూ నీళ్ళు చిలకరించే పని పిల్లలకు అప్పగించండి. పెళ్ళి లేకపోతే ఒక మూకుడు, గుప్పెడు గింజలు చాలు. మహారాష్ట్రలో నవరాత్రి ఘటస్థాపనకూ, తమిళనాట ముళైప్పారికీ ఇరుగుపొరుగులు మొలిపించేదీ ఇలాంటి గింజలనే. పిల్లలు వాళ్ళింటికీ వెళ్ళి చూడవచ్చు.

ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలకు స్ప్రౌట్స్ తెలుసు. విత్తు, మొలక, నారు, మొక్క, మాను అనే మాటలు ఎందరికి తెలుసు? పుస్తకంలో చదివిస్తే రేపటికి మరిచిపోతారు. వేరు దిగిన రోజున ఒక మాట, ఆకు విచ్చిన రోజున మరో మాట చెప్పి చూడండి.