తలకోనలో జలపాతం ఒక్కటే కాదు
బండ నెర్రెల్లో బంగారు బల్లి - మానుల మీద బెట్టుడత

తలకోన పేరు చెబితే జిల్లా వాసులకు గుర్తుకు వచ్చేవి రెండే. ఒకటి 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం, రెండోది దిగువన వెలసిన సిద్ధేశ్వరస్వామి. తిరుపతికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, ఎర్రావారిపాలెం మండలం నెరబైలు దాటగానే ఈ కోన మొదలవుతుంది. శివరాత్రికి, కార్తీక మాసంలో, సెలవు రోజుల్లో జనం తండోపతండాలుగా వస్తారు. నీళ్ళలో మునిగి, స్వామికి మొక్కి, తెచ్చుకున్న సద్ది తిని తిరుగుముఖం పడతారు. అదే ఏటి గట్టున ఎన్ని జీవాలు కాపురముంటున్నాయో గమనించే వారు తక్కువ.

ఈ కోన 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో భాగం. వనం విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్న శేషాచలం కొండలు ఎండాకాలంలో మాడిపోయినా, ఏరు పారే ఈ లోయలో నీడ, చెమ్మ నిలిచి ఉంటాయి. ఆ చెమ్మే ఇక్కడి జీవాలకు ప్రాణాధారం.

వందేళ్ళ తర్వాత దొరికిన బల్లి

వీటిలో ముందు చెప్పుకోవలసింది బంగారు బల్లి. తిరుపతి కొండల్లోని ఈ బల్లిని గురించి 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి తొలిసారి రాశాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా అది శాస్త్రజ్ఞుల దృష్టికి రాలేదు. 1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు తిరుమల కొండల్లో దీనిని మళ్ళీ కనుగొన్నారు. తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల కూడా ఉన్నట్లు తర్వాత తెలిసింది.

నీటి దాపున ఉండే చల్లని బండ నెర్రెలు, గుహలే దీని ఇల్లు. పగలు దాగి ఉండి రాత్రి పురుగుల వేటకు బయలుదేరుతుంది. మగబల్లి మేను పసుపు పూసినట్లు మెరుస్తుంది. ఆడబల్లులు అనేకం ఒకే బండకు గుడ్లు అతికించి పెడతాయి. ఆ ఒక్క బండను పాడు చేస్తే ఎన్నో బల్లుల సంతానం పోయినట్లే. విషమని భయపడి దీనిని కొట్టే వారున్నారు. దీనికి విషం లేదు.

రాత్రి తిరిగే దేవాంగపిల్లి

గుండ్రని పెద్ద కళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు గల దేవాంగపిల్లి కూడా ఈ అడవిదే. పిల్లి అన్న మాటే గాని ఇది కోతికి దూరపు చుట్టం. రాత్రంతా కొమ్మల మీద నెమ్మదిగా పాకుతూ పురుగులను తింటుంది. నాటు మందులకు, చేతబడికి పనికొస్తుందన్న మూఢనమ్మకంతో దీనిని పట్టి చంపుతున్నారు. ఏ రోగానికీ ఇది మందు కాదు. పైగా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జంతువును చంపితే కనీసం మూడేళ్ళ జైలు తప్పదు.

కొమ్మలే దారి

పగటిపూట తలెత్తి చూస్తే బెట్టుడత కనిపించవచ్చు. ముక్కు నుంచి తోక చివరి దాకా సుమారు మూడడుగులుంటుంది. నేలకు దిగడం అరుదు. ఇరవై అడుగుల దూరంలోని కొమ్మకైనా దూకగలదు. మాను నుంచి మానుకు కొమ్మలు అందినంత మేరే దాని సంచారం. నడుమ చెట్లు కొట్టేస్తే దాని దారి తెగిపోతుంది.

ఎండాకాలంలో ఏరు సన్నగిల్లి మడుగులే మిగులుతాయి. దుప్పులు, కణుతులు, ఎలుగుబంట్లు, చిరుతలు రాత్రివేళ ఆ నీటికే రావాలి. జనం సబ్బు నురగ కలిపేదీ, పగిలిన సీసాలు వదిలేదీ ఆ మడుగుల్లోనే. సబ్బునీరు కప్పపిల్లలను చంపుతుంది. కూడు వాసన తగిలిన ప్లాస్టిక్ సంచిని మింగి దుప్పి చస్తుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క కొండనే తగలబెట్టగలదు. కొండ మాడితే వాన నీరు ఇంకకుండా కొట్టుకుపోతుంది. ఆ నష్టం జంతువులతో పాటు దిగువ పల్లెల బావులకూ తగులుతుంది.

చూడాలనుకునే వారు తెల్లవారుజామున వచ్చి, అటవీ సిబ్బంది అనుమతించిన దారిలోనే చప్పుడు లేకుండా నడవాలి. ఏటి పక్క కాసేపు కదలక నిలబడితే చాలు. లకుముకిపిట్ట నీటిలోకి దూకడం, బెట్టుడత కొమ్మ మారడం కంటబడతాయి. సద్ది కట్టుకొచ్చిన సంచిని మళ్ళీ ఇంటికి తీసుకుపోవడం, బండల మీద పేర్లు రాయకపోవడం ఎవరికీ భారం కాదు. బడి పిల్లలను విహారయాత్రకు తెచ్చే ఉపాధ్యాయులు జలపాతంతో పాటు ఈ జీవాలనూ చూపిస్తే, రేపు ఈ కోనను కాపాడేది ఆ పిల్లలే.