కుందేలు తలుపు తెరిచిన లిపి

'తెరవడం' అని రాయాలంటే ప్రాచీన ఈజిప్టువాళ్లు కుందేలు బొమ్మ వేస్తారట. ఎందుకంటే కుందేలు ఎప్పుడూ కళ్లు మూయదు. 'కొడుకు' అని రాయాలంటే బాతు బొమ్మ. ఎందుకంటే ఆ పక్షికి పిల్లలంటే ప్రాణం. ఈ సంగతులు చెప్పింది హోరపోలో అనే ఆయన పేరు మీద చలామణి అయిన 'హైరోగ్లిఫికా' అనే పుస్తకం. క్రీ.శ. 5వ శతాబ్దం నాటిదని పండితుల అంచనా. 15వ శతాబ్దంలో ఆండ్రోస్ అనే గ్రీకు దీవిలో దాని ప్రతి ఒకటి దొరికి ఇటలీ చేరింది. అప్పటి నుంచి యూరప్ పండితులకు అదే ప్రమాణ గ్రంథమైంది.

తమాషా ఏమిటంటే ఆ రెండు అర్థాలూ నిజమే. కుందేలు బొమ్మతో 'తెరవడం' అని, బాతు బొమ్మతో 'కొడుకు' అని ఈజిప్టువాళ్లు రాశారు. తప్పల్లా చెప్పిన కారణంలోనే ఉంది. హైరోగ్లిఫిక్ అనే ఈ ఈజిప్టు లిపిలో కుందేలు బొమ్మ పలికేది 'వ్, న్' అనే రెండు హల్లులను. తెరవడం అనే క్రియలో ఉన్నవీ ఆ రెండు హల్లులే. కుందేలు కళ్లు మూసినా తెరిచినా రాసేవాడికి నిమిత్తం లేదు. బాతు సంగతీ అంతే. దాని బొమ్మకూ, కొడుకు అనే మాటకూ హల్లులు ఒకటే కాబట్టి ఆ బొమ్మ అక్కడ కూర్చుంది. పుత్రవాత్సల్యం ఊసే లేదు. జవాబు సరిపోయింది కాబట్టే, దారి తప్పని చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ నమ్మకం ఎంత దూరం తీసుకెళ్లిందో చెప్పడానికి అథనేసియస్ కిర్చర్ ఒక్కడు చాలు. 17వ శతాబ్దంలో రోమ్‌లో ఉన్న జెసూయిట్ పండితుడు. ఆయన సామాన్యుడేమీ కాదు. ఈజిప్టు క్రైస్తవులు చర్చిలో వాడే కాప్టిక్ భాష పాత ఈజిప్టు భాషకు వారసురాలని సరిగ్గానే గుర్తించాడు. కానీ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి ప్రతి బొమ్మలోనూ ఆయనకు వేదాంతం కనిపించింది. రోమ్‌లోని ఒక స్తంభం మీద ఏప్రీస్ అనే ఫారో పేరు ఉంటే, దాన్ని ఒసిరిస్ దేవుడి అనుగ్రహం పొందే విధానం గురించిన ఉపదేశంగా తర్జుమా చేశాడు. ఉన్నది ఒక మనిషి పేరు, చదివింది ఒక పురాణం.

ఇంతకీ ఈ లిపి ఎలా పనిచేస్తుంది? 'చిత్రలిపి' అనగానే మనకూ కిర్చర్ ఆలోచనే వస్తుంది: బొమ్మ వేస్తే వస్తువు, బొమ్మలు కలిపితే భావం. కానీ ఇది ప్రధానంగా శబ్దాన్ని రాసే లిపి. ఒక్క ఇబ్బంది ఏమిటంటే హల్లులనే రాస్తుంది, అచ్చులను వదిలేస్తుంది.

అచ్చులు వదిలేస్తే ఏమవుతుందో తెలుగులోనే చూద్దాం. క్, ల్ అనే రెండు హల్లులే రాశామనుకోండి. అది కల కావచ్చు, కాలు కావచ్చు, కల్లు, కీలు, కోల ఏదైనా కావచ్చు. ఇందులో ఒక సౌకర్యం ఉంది, ఒక చిక్కు ఉంది. సౌకర్యం ఏమిటంటే, కలకు బొమ్మ వేయడం ఎవరి తరమూ కాదు గాని కాలి బొమ్మ పిల్లలు కూడా వేస్తారు. కాబట్టి కాలు గీసి కల అని చదవమనవచ్చు. కుందేలుతో ఈజిప్టువాళ్లు చేసింది ఇదే. చిక్కు ఏమిటంటే, ఆ కాలు కలా, కల్లా, కీలా అన్నది చదివేవాడికి తెలియాలి. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, మాట చివర పలకని బొమ్మ ఒకటి తగిలించడం. క్, ల్ పక్కన నిద్రపోతున్న మనిషి ఉంటే కల, కుండ ఉంటే కల్లు. ఆ చివరి బొమ్మకు శబ్దం లేదు. మాట ఏ జాతిదో చెప్పి ఊరుకుంటుంది. పండితులు దీన్ని డిటర్మినేటివ్ అంటారు.

ఈ పలకని బొమ్మలే నాకు ఈ లిపిలో అన్నిటికన్నా ఇష్టం. నడిచే కాళ్లు ఉంటే కదలికకు సంబంధించిన మాట. చేయి నోటి దగ్గర పెట్టుకుని కూర్చున్న మనిషి ఉంటే తినడం, తాగడం, మాట్లాడడం, ఆలోచించడం, ప్రేమించడం వీటిలో ఏదో ఒకటి. తిండికీ ప్రేమకూ ఒకే బొమ్మ అన్నమాట. చుట్టిన పపైరస్ కాగితం ఉంటే కంటికి కనిపించని భావం. పిచ్చుక ఉంటే చిన్నది, చెడ్డది, జబ్బుది. పాపం పిచ్చుక ఏం చేసిందో తెలియదు. దానికి అచ్చం తోబుట్టువులా ఉండే ఇంకో పిట్ట ఉంది, వానకోవెల జాతిది. అది 'గొప్ప' అనే మాటను రాస్తుంది. రెండింటికీ తేడా తోకలోనే. చీలిన తోకైతే గొప్ప, గుండ్రటి తోకైతే అల్పం. రాతి మీద చెక్కేవాడి ఉలి తోక దగ్గర జారిందంటే మహారాజు కాస్తా అల్పుడైపోతాడు.

పలికే గుర్తుల్లో మూడు రకాలున్నాయి. ఒక్క హల్లు పలికేవి సుమారు 24: నోరు 'ర్', గుడ్లగూబ 'మ్', పాదం 'బ్', నీటి అల 'న్', చిన్న రొట్టె 'త్', కొమ్ముల పాము 'ఫ్'. రెండు హల్లులు పలికేవి, మూడు పలికేవి ఇంకా చాలా. క్రీ.పూ. 2000 తర్వాత స్థిరపడ్డ ప్రామాణిక భాషలో మొత్తం గుర్తులు 700 పైచిలుకు ఉంటాయి. గ్రీకు టోలమీ రాజుల కాలానికి గుళ్లలో పూజారులు పోటీపడి కొత్తవి కల్పించడంతో అవి వేలకు చేరాయి.

ఒక మాటను దగ్గరగా చూద్దాం. ఇంటి నేలపటంలా ఒక దీర్ఘచతురస్రం, కింద గడప దగ్గర ఖాళీ. దాని శబ్దం 'ప్, ర్'. కింద ఒక నిలువు గీత పెడితే 'బొమ్మ ఏమిటో అదే అర్థం' అని సూచన, అంటే ఇల్లు. ఆ గీత తీసేసి ఇంటి పక్కన నోరు, ఆ తర్వాత నడిచే కాళ్లు పెడితే 'బయటికి వెళ్లడం'. ఇక్కడ ఇల్లు ఇల్లు కాదు, 'ప్, ర్' అనే శబ్దం. నోరు నోరు కాదు, 'ర్'. అలాగని 'ప్‌ర్‌ర్' అని చదవకూడదు. ఇంటి బొమ్మలో ఉన్న 'ర్' నే నోరు మరోసారి గుర్తు చేస్తోంది, అంతే. కాళ్లు పలకవు, కదలిక అని చెబుతాయి. ఒకే మాటలో మూడు బొమ్మలు మూడు రకాల పని చేస్తున్నాయి.

చెప్పిందే మళ్లీ చెప్పడం వృథా శ్రమ అనిపిస్తుంది. నా లెక్కలో ఇదే ఈ లిపి బలం. అచ్చులు లేవు, మాటల మధ్య ఖాళీలు లేవు, విరామ చిహ్నాలు లేవు. అయినా శబ్దాన్ని రెండో గుర్తు ఖాయం చేస్తుంది, అర్థాన్ని చివరి బొమ్మ ఖాయం చేస్తుంది, ఆ చివరి బొమ్మే మాట అక్కడితో అయిపోయిందని కూడా చెబుతుంది. వందల గుర్తులు నేర్చుకునే కష్టం ఒకసారి పడితే, చదవడం మాత్రం మనం అనుకునేంత నత్తనడక కాదు.

ఎటు నుంచి చదవాలన్నదానికి జవాబు మరీ తేలిక. మనుషులు, జంతువులు, పక్షులు ఎటు చూస్తుంటే అటు నుంచి మొదలుపెట్టాలి. మామూలుగా అవి కుడికి చూస్తాయి కాబట్టి కుడి నుంచి ఎడమకు. కానీ గుడి ద్వారానికి రెండు పక్కలా చెక్కేటప్పుడు అందం కోసం ఒక పక్క రాతను రెండో పక్కకు అద్దంలో ప్రతిబింబంలా తిప్పేసేవారు. గుర్తులను వరుసగా కాకుండా చతురస్రాల్లో ఒదిగేలా పేర్చేవారు. ఒక్క బెత్తెడు జాగా కూడా వృథా పోనిచ్చేవారు కాదు.

ఇంకో మర్యాద ఉంది. దేవుడి పేరు మాటలో ఎక్కడ వచ్చినా రాతలో ముందుకు రావాలి. టుటంకామున్ పేరే చూడండి. రాజుల పేర్లను కార్టూష్ అనే కోలగా ఉన్న గీతలో బంధిస్తారు. ఆయన కార్టూష్‌లో అన్నిటికన్నా పైన రెల్లు ఆకు, పావులు పేర్చిన ఆటపలక, నీటి అల. ఈ మూడూ కలిస్తే ఆమున్ దేవుడు. కింద రొట్టె, కౌజుపిట్ట పిల్ల, మళ్లీ రొట్టె: 'టుట్', అంటే ప్రతిరూపం. పక్కన 'అంఖ్' అనే జీవ చిహ్నం. రాసింది ఆమున్-టుట్-అంఖ్, చదివేది టుట్-అంఖ్-ఆమున్, ఆమున్ దేవుడి సజీవ ప్రతిరూపం. అట్టడుగున ఉన్న కొంకి కర్ర, స్తంభం, మొక్క కలిసి థీబ్స్ నగరాన్ని ఏలేవాడని చెప్పే బిరుదు.

బొమ్మల్లో ప్రాణం ఉంటుందన్న భయం కూడా వాళ్లకు ఉండేది. పిరమిడ్ల లోపలి గోడల మీద చెక్కిన కొన్ని మంత్రాల్లో సింహాలు సగానికి కోసి ఉంటాయి, పాములకు కత్తులు గుచ్చి ఉంటాయి. పక్కనే పడుకున్న రాజుగారికి ఆ అక్షరాలు హాని చేయకూడదని. అక్షరాన్ని చూసి భయపడిన నాగరికత మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

ఇక ఈ లిపిని తిరిగి చదివిన కథ చాలామందికి తెలిసిందే కాబట్టి కీలకమైన ముక్క ఒక్కటే చెబుతాను. 1799లో నెపోలియన్ సైనికులకు రషీద్ దగ్గర దొరికిన రొసెట్టా శిల మీద ఒకే శాసనం హైరోగ్లిఫిక్, డెమోటిక్ అనే ఈజిప్టు వాడుక రాత, గ్రీకు, ఈ మూడింటిలో ఉంది. ఇది క్రీ.పూ. 196 నాటి పూజారుల ఉత్తర్వు. హైరోగ్లిఫిక్ భాగం విరిగిపోయి 14 వరుసలే మిగిలాయి. గ్రీకులో 486 మాటలున్న చోట అక్కడ 1,419 గుర్తులు ఉన్నాయని షాంపోలియన్ అనే ఫ్రెంచి యువకుడు లెక్కపెట్టాడు. ఒక్కో బొమ్మ ఒక్కో మాటైతే ఈ లెక్క ఎలా కుదురుతుంది? కుదరదు.

శిల మీద టోలమీ పేరు కార్టూష్‌లో ఉంది. ఫిలే దీవి నుంచి ఇంగ్లండ్‌కు తెచ్చిన మరో స్తంభం మీద క్లియోపాత్రా పేరు ఉంది. టోలమీ పేరును అప్పట్లో 'ప్‌టోల్మిస్' అని రాసేవారు. రెండు పేర్లలోనూ ప, ఒ, ల ఉండాలి. పీట లాంటి చదరం టోలమీలో మొదటిది, క్లియోపాత్రాలో అయిదోది: 'ప్'. సింహం టోలమీలో నాలుగోది, క్లియోపాత్రాలో రెండోది: 'ల్'. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. 'త్' మాత్రం ఒకదానిలో రొట్టె, మరొకదానిలో చేయి. ఒకే శబ్దానికి రెండు గుర్తులు ఉండవచ్చని షాంపోలియన్ సర్దుకున్నాడు, అదీ నిజమే.

అయితే ఇవి పరాయి పేర్లు. పరాయి పేర్లను శబ్దాలతో రాశారని ఇంగ్లండ్‌లో డాక్టర్ థామస్ యంగ్ అప్పటికే చెప్పాడు, కొన్ని గుర్తులు సరిగ్గా చదివాడు కూడా. అసలు మలుపు 1822 సెప్టెంబరులో వచ్చింది. అబూ సింబెల్ గుడి నుంచి వచ్చిన ఒక నకలులో సూర్యబింబం, ఆ తర్వాత తెలియని ఒక గుర్తు, ఆపైన రెండు 'స్'లు. కాప్టిక్‌లో సూర్యుడు 'రె'. మధ్య గుర్తు రొసెట్టా శిల మీద పుట్టినరోజు అనే మాట దగ్గర ఉంది, కాప్టిక్‌లో పుట్టడం అంటే 'మిసె'. రె-మ్-స్-స్: రామ్సెస్! గ్రీకులు రాకముందు దాదాపు వెయ్యేళ్ల నాటి స్వదేశీ ఫారో పేరు, శబ్దాలతోనే రాసి ఉంది. షాంపోలియన్‌ను గట్టెక్కించింది శిల ఎంతో, కుర్రతనం నుంచీ నేర్చుకున్న కాప్టిక్ అంత.

అచ్చులు మాత్రం ఈ రోజుకీ పూర్తిగా దొరకలేదు. 'నెఫెర్' అని మనం పలికే మాటలో ఉన్నవి న్, ఫ్, ర్ మాత్రమే. మధ్యలో 'ఎ'లు పండితులు నోరు తిరగడానికి చొప్పించుకున్నవి. అసలు పలుకుబడికి కాప్టిక్ కొంత ఆధారం, అమార్నాలో దొరికిన మట్టి పలకల ఉత్తరాలు మరికొంత. మూడో అమెన్‌హోటెప్ సింహాసన నామాన్ని మనం నెబ్‌మాత్‌రె అంటున్నాం. ఆయనకు పశ్చిమాసియా రాజులు రాసిన ఉత్తరాల్లో అది 'నిమ్మురియ'. ఆ ఫారో మనం పిలిస్తే పలికేవాడో లేదో అనుమానమే.

క్రీ.పూ. 3200 ప్రాంతంలో అబిడోస్ సమాధుల్లో చిన్న చిన్న దంతపు చీటీల మీద మొదలైన ఈ రాత, క్రీ.శ. 394 ఆగస్టు 24న ఫిలే గుడి గోడ మీద ఒక పూజారి చెక్కిన శాసనంతో ఆగిపోయింది. ఇంతకాలంలో ఏ రోజైనా ఆ 24 ఏకాక్షర గుర్తులతోనే సమస్తం రాసుకునే వీలుండేది. వాళ్లు రాసుకోలేదు, అవసరమనుకోలేదు. ఆ పని చేసింది సైనాయ్ ఎడారిలో ఈజిప్టువాళ్ల టర్కాయిజ్ రాళ్ల గనుల చుట్టూ మసలిన సెమిటిక్ భాషల వాళ్లు. ఎద్దు తల, ఇల్లు, నీటి అల లాంటి బొమ్మలు తీసుకుని తమ భాష శబ్దాలు అంటించుకున్నారు. అదే ఫినీషియన్, గ్రీకు, రోమన్ అక్షరమాలలకు మూలం. అరమాయిక్ ద్వారా బ్రాహ్మికీ ఈ చుట్టరికం ఉందని చాలామంది పండితులు అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. ఉందన్నది నిజమైతే మన తెలుగు అక్షరాలూ ఆ వంశంలోవే.

ఈజిప్టు యాత్రకు వెళ్లే మనవాళ్లు కైరో బజారులో తమ పేరు చెక్కించుకున్న కార్టూష్ లాకెట్లు కొనుక్కుని వస్తుంటారు. దుకాణాల్లో పెట్టే పట్టిక ఇంగ్లిషు ఏ, బీ, సీలకు ఒక్కో బొమ్మ కేటాయించినది. రాబందును 'ఎ' అంటుంది, ఆ బొమ్మ అసలు అచ్చే కాదు. పోనీండి, సరదాకి కొనుక్కోవచ్చు. రాజులకే చెల్లే కార్టూష్ మీకు వద్దని ఇప్పుడు అనేవాళ్లూ లేరు. కానీ డబ్బిచ్చే ముందు రెండు సంగతులు చూసుకోండి. పక్షులన్నీ ఒకే వైపు, మీ పేరు మొదలయ్యే వైపు చూడాలి. పేరు చివర, మీరు మగవారైతే కూర్చున్న మగ బొమ్మ, ఆడవారైతే కూర్చున్న ఆడ బొమ్మ ఒకటి వేయమని అడగండి. అది లేకపోతే ఆ పేరు మగవారిదో ఆడవారిదో చదివే ప్రాచీన ఈజిప్టువాడికి తెలియదు.