నీడ యే వైపున?

వేసవిలో రైలెక్కు అనంతపురవాసి పెట్టెలో అడుగిడుచునే ఇరుప్రక్కల కిటికీలను పరికించును. ఎండ ఏ వైపున పడుచున్నదో, రైలు సాగిన పిమ్మట ఏ వైపునకు మరలునో లెక్కించుకొని కూర్చుండును. ఈ లెక్క సముద్రయానము చేయువారికిని క్రొత్తది కాదు.

1869లో సూయజ్ కాలువ తెరువబడిన పిమ్మట ఇంగ్లండు నుండి బొంబాయికి వచ్చు ఓడలు ఎఱ్ఱసముద్రము మీదుగా ప్రయాణించుచుండెడివి. ఆ సముద్రము వాయవ్యము నుండి ఆగ్నేయమునకు సాగియున్నది. కావున వచ్చునపుడు ఓడ కుడివైపు గదులపై అపరాహ్ణపుటెండ పడును. ఎడమవైపు గదులు మధ్యాహ్నము నుండియే నీడలో నుండి, నిద్రవేళకు కొంత చల్లబడును. తిరుగు ప్రయాణమున వైపులు తారుమారగును. ఆంగ్లమున సంపన్నులకు తగినదను నర్థమున 'పోష్' అను పదము కలదు. వెడలునపుడు ఎడమ, ఇల్లు చేరునపుడు కుడి అను నర్థమిచ్చు నాలుగు ఆంగ్లపదముల మొదటి యక్షరములు కూడి ఆ పదము పుట్టినదనియు, పి. అండ్ ఓ. కంపెనీ తన టిక్కెట్లపై ఆ యక్షరములను ముద్రించెడిదనియు ఒక కథ వ్యాపించినది. అట్టి టిక్కెట్టు ఒక్కటియు లభింపలేదు. నిఘంటుకారులు ఈ వ్యుత్పత్తి నంగీకరింపరు. ఇది లోకనిరుక్తికి చక్కని ఉదాహరణము. పదము పుట్టుక కల్పితమైనను ఎండ మాత్రము నిజము.

గుంతకల్లు నుండి అనంతపురము మీదుగా, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడిన ప్రాంతములోని ధర్మవరము, పెనుకొండ, హిందూపురములను దాటి, బెంగుళూరునకు పోవు మార్గము స్థూలముగా ఉత్తరము నుండి దక్షిణమునకు సాగును. ఉదయము బెంగుళూరు పోవువానికి సూర్యుడు ఎడమచేతివైపున నుండును. కావున కుడివైపు కూర్చుండుట మేలు. మధ్యాహ్నము దాటినచో ఎడమవైపు నీడ.

గుంతకల్లు నుండి బళ్లారికి పోవు మార్గము ఇంచుమించు నేరుగా పడమరకు సాగును. ఇచ్చట గడియారము చాలదు, పంచాంగము కూడ కావలెను. డిసెంబరులో సూర్యుడు దక్షిణముగా నడచును గనుక కుడికిటికీ చల్లన. మే నెలలో ఎండ ఆ కిటికీనుండియే వచ్చును. కారణమేమి? అనంతపురము సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఏప్రిల్ చివరి దినములలో సూర్యుడు మిట్టమధ్యాహ్నము నడినెత్తికి వచ్చును. ఆగస్టు నడుమ మరల వచ్చును. ఈ మధ్యకాలమున సూర్యుడు ఉదయము మొదలు అస్తమయము వరకు ఆకాశపు ఉత్తరభాగముననే యుండును. మధ్యాహ్నసూర్యు డెప్పుడును దక్షిణముననే యుండునను మాట లండను నగరమునకు చెల్లును, అనంతపురమునకు చెల్లదు. పాఠశాల ఆవరణమున ఒక మీటరు కఱ్ఱను నిలువుగా పాతి దీనిని పరీక్షింపవచ్చును. జూన్ 21న, గడియారమున 12 గంటల 20 నిమిషముల ప్రాంతమున, దాని నీడ దక్షిణమునకు సుమారు 15 సెంటీమీటర్లు పడును. డిసెంబరు 22న అదే వేళకు ఉత్తరమునకు సుమారు 78 సెంటీమీటర్లు పడును.

అయితే వైపు నెన్నుకొను భాగ్యము కొందరికే కలదు. 1860లో మద్రాసున బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరిన 'ట్రూరో' ఓడలో ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో తెలుగువారును ఉండిరి. కాకినాడ, విశాఖపట్టణముల నుండి రంగూనుకు పోయిన కూలీలు డెక్కు ప్రయాణికులు. క్యాబినే లేనివారికి దాని వైపుతో పని యేమి? నేడును కఱవు సంవత్సరములలో బెంగుళూరు చేరు అనంతపురపు కూలీలు జనరల్ పెట్టెలో నిలువ చోటు దొరికిన చాలునందురు. ఎండ ఏ వైపునకు తిరుగునో వారికిని తెలియును. తెలిసినదానిని వాడుకొను నవకాశము వారికి లేదు.

ఈ పీఠభూమికిని అట్టి యవస్థయే కలదు. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమల కావలిప్రక్కను వానలు కురిపించి, ఈవలికి చేరునప్పటికి తేమను చాలవరకు గోల్పోవును. ఈశాన్య ఋతుపవనములకు ఇది తీరమునుండి దూరము. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడుటకు ఇవి ముఖ్యకారణములు. కొండల వెనుకనున్న ఇట్టి ప్రదేశమును భూగోళశాస్త్రమున వర్షచ్ఛాయా ప్రాంతమందురు. ప్రయాణికుడు కోరు నీడ యొకటి, రైతు కోరని నీడ మఱొకటి. ఎండ తగిలినచో ప్రయాణికుడు ఆసనము మార్చుకొనగలడు. వేరుసెనగ చేను కొండకావలకు జరుగజాలదు. అందుచేతనే తుంగభద్ర ఎగువ కాలువయు, శ్రీశైలము వెనుకజలములను ఎత్తిపోయు హంద్రీ-నీవాయు ఈ నేలకు ఆధారములైనవి.

కఱ్ఱనీడను కొలిచిన విద్యార్థులు ఈ రెండవ నీడను కూడ కొలువ నేర్వవలెను. తమ మండలమున ఏ నెలలో ఎంత వాన పడినది, కాలువ తమ యూరి చెఱువునకు ఎంత దూరమున నిలిచినది, ఏ యింటివారు పనికై రైలెక్కిరి అను మూడు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసినచో, భూగోళపాఠము తమ యూరి కథగా వారికి కనిపించును.