రంగు పూయాలా, ఇంకనివ్వాలా?

ఎలక్ట్రిక్ గిటార్ కిట్ అంటే తెలియని వాళ్లకి ముందుగా రెండు ముక్కలు. ఒకే పెట్టెలో బాడీ, నెక్, పికప్‌లు, బ్రిడ్జ్, ట్యూనర్లు, గుప్పెడు స్క్రూలు వస్తాయి. కోతలు, రంధ్రాలు ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటాయి. బిగించడం ఒక ఆదివారం పని. మరి మిగతా నెలన్నర దేనికి? రంగుకి!

నేను తెప్పించుకుంది స్ట్రాటోకాస్టర్ తరహా కిట్. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన మొదటి స్టైపెండ్ దాదాపు దానికే పోయింది. నీళ్లు తగిలిన చెక్కని ఎవరూ వాపసు తీసుకోరు, ఇంకోటి కొనే స్తోమత నాకు లేదు. అంటే ఛాన్స్ ఒక్కటే.

పెయింట్ కొట్టేస్తే సులువే. లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, పైన కారు రంగు స్ప్రే చేస్తే చెక్కలో ఏ లోపమున్నా కనపడదు. ఇదేం తక్కువ పని కాదు, 1950ల్లో ఫెండర్ వాళ్లు కూడా గిటార్లకి కార్ల రంగులు వాడారు. కానీ నా బాడీ పైన ఫ్లేమ్ మేపుల్ తాపడం ఉంది. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే పులిచారలు కదులుతున్నట్టే ఉంటుంది. వాటిని పెయింట్ కింద పూడ్చడానికి మనసొప్పలేదు. అందుకే డై. పెయింట్ చెక్క మీద కూర్చుంటుంది, డై చెక్కలోకి ఇంకుతుంది. చార చారకీ పీల్చుకోవడంలో తేడా ఉంటుంది కదా, ఆ తేడాయే అందం. చిక్కల్లా ఏంటంటే, డై చారల్నే కాదు, గీతలు పడితే వాటినీ పట్టి చూపిస్తుంది.

అందుకే అసలు కష్టమంతా రంగు డబ్బా మూత తీయకముందే. ఉప్పు కాగితం 180తో మొదలుపెట్టి 220, తర్వాత 320. చిన్న చెక్కదిమ్మకి చుట్టి, చెక్క నార వెంటే, చేత్తోనే రుద్దాలి. తాపడం మందం ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. మెషీన్ పెట్టారా, అంచుల్లో కింది చెక్క బయటపడుతుంది. ఆ తర్వాత తడిబట్టతో తుడిస్తే చెక్క నూగు లేస్తుంది. ఆరాక దాన్ని మళ్లీ రుద్దేయాలి. లేదంటే నీళ్ల డై వేసినప్పుడు ఆ నూగే లేచి గరుకు తేలుతుంది.

ఆ తడిబట్టే నా గుండె ఆపింది. పై కొమ్ము అంచున రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ. తాపడం అంటించేటప్పుడు పైకి ఊరిన జిగురు అది. జిగురు ఉన్నచోట డై ఎక్కదు. ఎక్కువ గీకితే తాపడం పోతుంది, తక్కువ గీకితే మచ్చ ఉండిపోతుంది.

మా వీధి చివర ఫర్నిచర్ షాపులో పాలిష్ పని చేసే అన్నకి చూపించాను. గిటార్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, బ్లేడు నిలబెట్టి మెల్లగా గీకాడు. సగం పోయింది. "ఇంకా గీకితే బొక్క పడతది తమ్మీ. లక్కల రంగు కలిపి అంచులకి పెడదాం, కలిసిపోతది" అన్నాడు. నేను మొత్తం ఒకే నీలం అనుకున్నాను. ఆ మాటతో ప్లాన్ మారింది. మధ్యలో లేత నీలం, అంచుల్లో దాదాపు నలుపు. సన్‌బర్స్ట్ అంటారే, ఆ పద్ధతి.

ముందు ట్రయల్. స్ట్రాట్‌లో పిక్‌గార్డ్ కింద దాగిపోయే జాగా బోలెడంత. నాలుగు రకాల నీలాలు అక్కడే పూసి చూశాను. నెక్ దిగే గాడిని టేప్‌తో మూసేశాను, అక్కడ పూత చేరితే నెక్ సరిగ్గా కూర్చోదు. మొదట పల్చటి నలుపు డై. ఆరాక 320తో తేలిగ్గా రుద్దితే పైపైన నలుపు పోయి చారల్లో మాత్రం నిలుస్తుంది. ఆ మీద నీలం. ఆరగానే వెలిసిపోయిన జీన్స్‌లా తయారైంది! కంగారు అక్కర్లేదు. లక్క పాలిష్ మొదటి పూత పడగానే లోతు తిరిగొచ్చేసింది. ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా లక్కదే అని గుర్తొచ్చి ముచ్చటేసింది.

అంచులకి అన్న చెప్పినట్టే, స్పిరిట్‌లో కరిగే డై కలిపిన లక్క. ఒక్కో పూత పల్చగా, చాలాసార్లు. ఆపైన క్లియర్ లాకర్ స్ప్రే. దానికి డాబా మీద గాలి ఆడే చోటు కావాలి, మాస్క్ కావాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. "వానల పెట్టకు, తెల్లగైతది" అని అన్న ముందే చెప్పాడు. గాలిలో తేమ పూతలో చిక్కుకుంటే మసక పడుతుందన్నమాట. రెండు వారాలు ఎండ కోసం ఆగాను.

నెక్ వెనక మాత్రం లాకర్ వేయలేదు, నూనె పట్టించాను. చెయ్యి జారుడుగా కదులుతుంది, నాకదే ఇష్టం. అవిసె నూనెలాంటివి తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి.

ఇంకో జాగ్రత్త, ఎండపడే కిటికీ ఎదురుగా వేలాడదీయకండి. 1958-60 మధ్య గిబ్సన్ చేసిన లెస్ పాల్ సన్‌బర్స్ట్‌లలో చాలావాటి ఎరుపు వెలుతురుకి వెలిసిపోయింది.

లాకర్ ఆరిందో లేదో ముక్కే చెబుతుంది. వాసన వస్తోందంటే ఇంకా ఆరుతున్నట్టే. నాది మూడు వారాలు పట్టింది. తర్వాత 2000 నంబర్ వాటర్ పేపర్, పాలిషింగ్ క్రీమ్. ఆదివారం బిగించేశాను. మచ్చ ఎక్కడో కనుక్కోమని మా బేసిస్ట్‌కి ఇస్తే ఐదు నిమిషాలు వెతికి, దొరక్క, యాంప్‌కి పెట్టేసి వాయించడం మొదలెట్టాడు.