నలభై దాటాక న్యాయశాస్త్రం

కృష్ణా డెల్టా పల్లెల్లో ఇమాముల వద్దకూ మద్రసా అధ్యాపకుల వద్దకూ వచ్చే ప్రశ్నలలో వారసత్వానికి సంబంధించినవి తరచుగా ఉంటాయి. తల్లిదండ్రులు ఇద్దరూ మరణించారు, కొంత మాగాణి మిగిలింది, కుమారులు ఇద్దరు, కుమార్తె ఒకరు. ఎవరి వాటా ఎంత? అయిదు భాగాలు చేసి, కుమారులకు రెండేసి, కుమార్తెకు ఒకటి అని మేము వెంటనే చెప్పగలం. ఫరాయిజ్ పాఠం మాకు కంఠతా వచ్చినదే. కాని ఆ కుమార్తె, "అన్నలు ఇవ్వమంటున్నారు మౌల్వీ సాబ్, ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగితే మాలో చాలామందికి మాట రాదు. పంపకం దావా ఏ కోర్టులో వేయాలి, ఏ కాగితాలు కావాలి అన్నది మద్రసాలో చెప్పే పాఠం కాదు.

ఒక్క ఉదాహరణ చాలు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూములను తన పరిధి నుంచి మినహాయించింది. 1949లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి మినహాయింపును తొలగించింది. నాడు కృష్ణా జిల్లా మద్రాసులో భాగం గనుక ఆ సవరణ మన వరి పొలాలకూ వర్తించింది. ఈ సంగతి ఎరిగినవాడు పల్లెలో ఒక్కడున్నా, "పొలంలో ఆడపిల్లకు వాటా లేదు" అనే మాటకు అక్కడికక్కడే సమాధానం దొరుకుతుంది.

అందుకే నడివయసులో న్యాయవిద్య చదవాలనే కోరిక మన ఇళ్ళలో కలిగితే దానిని నవ్వి తోసివేయరాదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తమ హదీసు గ్రంథంలో, సహాబాలు పెద్ద వయసులోనూ విద్య నేర్చుకున్నారని ప్రత్యేకంగా గుర్తుచేశారు. షాఫయీ ఫిఖహ్‌లో ప్రసిద్ధులైన అబూబక్ర్ అల్‌ఖఫ్ఫాల్ మర్వజీ (రహ్మలై) ముప్పై ఏళ్ళ వరకు తాళాలు చేసే పనివారు. ఆయన పేరులోని ఖఫ్ఫాల్ అన్న మాటకు అర్థం అదే. ఆ వయసులో ఫిఖహ్ మొదలుపెట్టి, హిజ్రీ 417లో మరణించేనాటికి ఖురాసాన్ విద్వాంసులకు గురువయ్యారు. మన ప్రాంతంలోనే చూద్దాం. విజయవాడ బ్యారేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో రెండవ తరగతి ప్లీడరు. ఆ పట్టాతో హైకోర్టులో వాదించే అర్హత లేదు. 1904లో, ముప్పై దాటిన వయసులో, సాగుతున్న ప్రాక్టీసును వదిలి లండన్ వెళ్ళి, 1907లో బారిష్టరై తిరిగివచ్చారు.

వయసు విషయంలో నేటి నిబంధన ఏమిటి? బార్ కౌన్సిల్ 2008 నియమావళిలో మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి ముప్పై ఏళ్ళ పరిమితి పెట్టింది, మధ్యలో ఉపసంహరించుకుంది, 2016లో మళ్ళీ తెచ్చింది. 2017 మార్చిలో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. కనుక నేడు లాసెట్ రాయడానికి యాభై ఏళ్ళవారికీ అడ్డు లేదు. ఆ పరీక్ష తెలుగులోనూ ఉంటుంది: 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. డిగ్రీలో 45 శాతం మార్కులుండాలి. బీసీ ధ్రువపత్రం గలవారికి 42 శాతం చాలు.

అసలు చిక్కు డిగ్రీ దగ్గరే ఉంది. మద్రసాలో ఎన్నేళ్ళు చదివినా ఆలిమ్ సనదు లాసెట్‌కు డిగ్రీగా చెల్లదు. ఓపెన్ స్కూలులో పది, ఇంటర్, పిమ్మట దూరవిద్యలో డిగ్రీ చేసినవారు అర్హులే. కాని పది, ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష ఒక్కటే రాసి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నేరుగా డిగ్రీ పొందినవారిని 2008 నియమావళి లా కోర్సులకు అనర్హులుగా చేసింది. తొందరపడి దగ్గరిదారి పట్టిన పెద్దవారికి ఇది పెద్ద దెబ్బ. ఫీజు కట్టక ముందే సర్టిఫికెట్లన్నీ లా కళాశాల కార్యాలయంలో చూపించి అడగడం మేలు. ఏమీ లేని స్థితి నుంచి మొదలుపెట్టే ఆలిమ్‌కు పది, ఇంటర్, డిగ్రీ, లా అన్నీ కలిపి తొమ్మిదేళ్ళకు తక్కువ పట్టదు. ఈ లెక్క ముందే ఇంట్లో చెప్పాలి.

లా మాత్రం దూరవిద్యలో కుదరదు. తరగతులు ఉదయం ఎనిమిది, సాయంత్రం ఏడు గంటల నడుమనే జరగాలి. హాజరు 70 శాతం ఉండాలి. రాత్రి తరగతులకు వెళ్ళి చదువుకునే కాలం పోయింది. పగలు పాఠం చెప్పి పొట్టపోసుకునే మౌల్వీకి ఇది కఠినమే.

మరొక సంగతి పూర్తిగా ఆలోచించుకోవాలి. నెలజీతం ఉద్యోగంలో ఉన్నవాడు వకీలుగా పనిచేయరాదని బార్ కౌన్సిల్ నిబంధన. ప్రాక్టీసు మానని ఒక వైద్యుణ్ణి న్యాయవాదిగా నమోదు చేయనక్కరలేదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనుక నల్లకోటు కావాలా, చట్టం తెలిస్తే చాలా అన్నది ముందే తేల్చుకోవాలి. తెలిస్తే చాలు అనుకునే ఇమాముకు తొమ్మిదేళ్ళు అక్కరలేదని మా అభిప్రాయం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పారాలీగల్ వాలంటీర్లను తీసుకుని శిక్షణ ఇస్తాయి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని ఖుత్బా తరువాత ఒక్కసారి చెప్పినా కొన్ని ఇళ్ళకు మేలు జరుగుతుంది.

చదవడానికి పూనుకున్నవారికి మాత్రం ఒక ఊరట. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్, సాక్ష్యాధార చట్టం మూడూ కొత్తవయ్యాయి. ఇరవై ఏళ్ళవాడూ యాభై ఏళ్ళవాడూ వాటిని మొదటి పేజీ నుంచే చదవాలి. ముస్లిం వ్యక్తిగత చట్టం పాఠం వచ్చినప్పుడు ఆలిమ్‌కు పాత మిత్రులు ఎదురవుతారు: విలియం జోన్స్ 1792లో ఆంగ్లంలోకి తెచ్చిన సిరాజియ్యా, అంతకు ముందు ఏడాది హామిల్టన్ అనువదించిన హిదాయా. మనం అరబీలో చదివిన పుస్తకాలే అవి!

ఈ చదువుకు అందరికన్నా అనువైన స్థితిలో ఉన్నవారు, మా దృష్టిలో, పెళ్ళికి ముందే డిగ్రీ పూర్తిచేసి, పిల్లలు బడికి వెళ్ళే వయసుకు వచ్చిన మన చెల్లెళ్ళు. వారికి తొమ్మిదేళ్ళు అక్కరలేదు, మూడేళ్ళే. వదులుకోవలసిన జీతం చాలామందికి ఉండదు. భర్తతో, అత్తవారితో వచ్చిన చిక్కును మగ వకీలు ముందు విప్పి చెప్పడానికి బిడియపడే స్త్రీ వీరితో మాట్లాడగలదు. విజయవాడలోనే లా కళాశాల ఉంది, జిల్లా కోర్టు మచిలీపట్నంలో, హైకోర్టు నది దాటితే నేలపాడులో. 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు తరువాత నమోదు రుసుము సాధారణ వర్గానికి 750 రూపాయలకు మించరాదు. ఆపై బార్ పరీక్ష ఒకటి రాయాలి. 100 ప్రశ్నలు, 45 శాతం వస్తే ఉత్తీర్ణత, వ్యాఖ్యలు లేని చట్టాల ప్రతులను వెంట తీసుకువెళ్ళవచ్చు. ఇక మిగిలినది ఇంటి పని. వారానికి ముప్పై గంటల తరగతులుండే ఆ మూడేళ్ళు మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారో, పిల్లలను బడి నుంచి ఎవరు తెస్తారో లాసెట్ దరఖాస్తు నింపే రోజునే భర్త, అత్తగారు కూర్చుని నిర్ణయించుకోవాలి.