తూకం ముగిశాక ఒంట్లో ఏం జరుగుతుంది?

2024 ఆగస్టు 7. పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల కుస్తీ ఫైనల్ ఆడాల్సిన వినేశ్ ఫొగాట్ ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. ముందురోజు మూడు బౌట్లు గెలిచి, బరువు దించడానికి రాత్రంతా కసరత్తు చేసి, చివరికి జుట్టు కూడా కత్తిరించుకున్నా ఫలితం లేకపోయింది. అంతకుముందు ఆమె 53 కిలోల్లో పోటీపడేది. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ విజేత అయింది 52 కిలోల్లో. ఒలింపిక్స్ కోసం 50 కిలోలకు దిగాల్సి వచ్చింది. కుస్తీ, బాక్సింగ్, జూడో, వెయిట్‌లిఫ్టింగ్ వంటి ఆటల్లో పోటీకి ముందు తగ్గడం, అయ్యాక పెరగడం మామూలే. ఏళ్ల తరబడి ఇలా చేస్తే మధుమేహం ముప్పు పెరుగుతుందా?

ముందు ఒక తేడా గమనించాలి. ఒక్క రాత్రిలో తగ్గే రెండు మూడు కిలోలలో ఎక్కువ భాగం నీరే. దాని ప్రమాదం వేరు, తక్షణం. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో ఆవిరి గదులను, రబ్బరు సూట్లను నిషేధించారు.

మధుమేహంతో ముడిపడేది వారాల తరబడి కడుపు మాడ్చుకుని తగ్గే బరువు. అప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మళ్లీ కడుపునిండా తినడం మొదలుపెట్టగానే కొవ్వు త్వరగా చేరుతుంది, కండ నిదానంగా పెరుగుతుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులను నెలల తరబడి అరాకొరా తిండితో ఉంచి, తర్వాత మళ్లీ బాగా తిననిచ్చినప్పుడు ఇదే బయటపడింది. కండ పూర్తిగా కోలుకోకముందే కొవ్వు పాత స్థాయిని దాటింది.

ఇన్సులిన్ ఆదేశంతో రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా తీసుకునేవి కండరాలే. అవి తగ్గి, పొట్టలోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట చెల్లదు. క్లోమం మరింత ఇన్సులిన్ స్రవించి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. దాని శక్తి సన్నగిల్లాక రక్తంలో చక్కెర పెరుగుతుంది.

1920 నుంచి 1965 వరకు ఫిన్‌లాండ్‌కు ఆడిన క్రీడాకారుల తదుపరి జీవితాన్ని పరిశోధకులు పరిశీలించారు. బరువు విభాగాల్లో ఆడిన బాక్సర్లు, కుస్తీవీరులు, వెయిట్‌లిఫ్టర్లకు ఇరవయ్యేళ్ల వయసు తర్వాత బీఎంఐ సగటున 5.2 పెరిగింది. మిగతా క్రీడాకారులకు పెరిగింది 3.3. క్రీడలతో సంబంధం లేనివారికి 4.4. అంటే ఒకనాటి ఛాంపియన్లు ఆటలాడని వారికన్నా ఎక్కువ లావయ్యారు. ఇది స్థూలకాయం గురించిన లెక్క. బరువు ఊగిసలాటే మధుమేహానికి కారణమని దీంతో రుజువు కాదు. కానీ స్థూలకాయం మధుమేహానికి ప్రధాన కారణాల్లో ఒకటన్నది తిరుగులేని విషయం.

అలాగని ఆటలను తప్పుపట్టనక్కర్లేదు. ఫిన్‌లాండ్ మాజీ క్రీడాకారులను మొత్తంగా చూస్తే మధుమేహం ఇతరులకన్నా తక్కువే. ముప్పు ఆటలో లేదు, అడ్డగోలుగా బరువు దించే పద్ధతిలో ఉంది. సాధన మానేశాక కూడా పాత ఆకలితోనే తినడంలో ఉంది.

కోచ్‌లు చేయగలిగింది చాలా ఉంది. ఎదిగే పిల్లలను కింది విభాగంలోకి తోయకూడదు. తగ్గించక తప్పకపోతే వారానికి ఒంటి బరువులో ఒక శాతానికి మించకుండా, మాంసకృత్తులు తగ్గించకుండా, బరువులెత్తే కసరత్తు మానకుండా తగ్గించాలి. ఆటకు వీడ్కోలు పలికినవారు నడుం చుట్టుకొలత గమనించుకోవాలి. భారతీయుల్లో పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ముప్పై దాటాక చక్కెర పరీక్ష చేయించుకోవాలి. పతకాలు ఎన్ని ఉన్నా ఆ పరీక్ష నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.